చెడిన జీపును లాగుకొని పోవు విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



చిత్తూరునుండి వచ్చు రహదారి పూతలపట్టు కడ రెండుగా చీలును. ఒక పాయ తిరుపతికి పోవును. రెండవది పీలేరు, రాయచోటి, కడపల మీదుగా కర్నూలు చేరును. కాట్పాడి, పాకాలల నడుమ నడచు రైలుమార్గమును ఈ యూరి మీదుగనే పోవుచున్నది. ఇట్టి కూడలియందు కాపురముండు వారికి ఎడ్లబండి మొదలు పెద్ద లారీ వఱకు చూడని బండి యుండదు. చెడి నిలిచిన బండిని చూడని దినమును అరుదు. మామిడి కాలమున కాయల బరువుతో ట్రాక్టర్లు, చెఱకు కాలమున బెల్లపు బండ్లు, తిరుమల బ్రహ్మోత్సవముల దినములలో యాత్రికుల కార్లు, ఏదో యొకటి దారి ప్రక్కన మూతి తెఱచుకొని నిలిచియుండును. దానిని మఱియొక బండి వెనుక కట్టి లాగుకొని పోవుట ఇచట నిత్యము జరుగు పని. నిత్యము జరుగు పని గనుకనే దానిని గూర్చి యెవరును ఆలోచింపరు. "మోకు కట్టు, లాగు" అను రెండు మాటలతో శాస్త్రమంతయు ముగిసినదని తలంతురు.

మామూలు కారునకు ఆ రెండు మాటలు కొంత దూరము వఱకు చాలునేమో. నాలుగు చక్రములను ఇంజనే త్రిప్పునట్టి జీపు జాతికి చాలవు. అట్లు చాలునని నమ్మి లాగిన బండ్లలో గేరుపెట్టె కాలినవి యున్నవి. త్రాడు తెగి చూచుచున్న వాని ముఖమున తగిలినవి యున్నవి. బండి క్రింద దూఱిన మనుష్యునిపైకి బండియే దొర్లినవి యున్నవి. ఈ మూడు కీడులకును కారణము విధి కాదు. పని ఆరంభించుటకు ముందు చేయవలసినది చేయకపోవుటయే.

జీపు ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా సైన్యము కొఱకు విల్లీస్, ఫోర్డు సంస్థలు చేసిన చిన్న బండి యది. స్వాతంత్ర్యము వచ్చిన తొలి యేండ్లలోనే మహీంద్రా సంస్థ దానిని మన దేశమున కూర్ప నారంభించెను. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము మొదలైన పిమ్మట "బ్లాకు జీపు" అను మాట పల్లెలకు ప్రాకెను. 1985లో మారుతీ జిప్సీయు, 2010లో మహీంద్రా థారును వచ్చినవి. రూపము మాఱినది, మెత్తని ఆసనములు వచ్చినవి, ధర చెప్పనక్కఱలేదు. లోపలి సూత్రము మాత్రము చాల వఱకు ఆ పాతదే. ఇచట జీపు అన్నపుడెల్ల ఆ జాతి బండ్లన్నియు నని గ్రహించునది.

ఎడ్లబండిని తలచుకొన్నచో విషయము సులభముగా బోధపడును. బండి యిరుసు కదలదు. రెండు చక్రములును దానిపై వేఱువేఱుగా తిరుగును. కాడి విప్పి యెడ్లను ప్రక్కకు తోలినంతనే బండికిని వానికిని సంబంధము తీరినది. తరువాత నలుగురు మనుష్యులు త్రోసినను, వేఱొక బండికి కట్టినను చక్రములు అడ్డు చెప్పవు. జీపునందు అట్లు కాదు. అందు ఎడ్లు బండి కడుపులోనే యున్నవి. బయట మోకు కట్టి లాగుటకు ముందు లోపలి కాడి విప్పవలెను. ఈ యొక్క మాట జ్ఞప్తియందున్నచో మిగిలినదంతయు దానినుండియే వచ్చును.

ఆ లోపలి కాడి యెట్లున్నదో చూతము. ఇంజను బలము మొదట గేరుపెట్టెలోనికి వచ్చును. దాని వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు అను మఱియొక పెట్టె యుండును. బలమును ముందు చక్రములకును వెనుక చక్రములకును పంచునది యదియే. దానినుండి ముందుకొకటి, వెనుకకొకటి ప్రొపెల్లర్ షాఫ్టులను ఇనుప కడ్డీలు పోయి ఇరుసుల నడుమ నున్న డిఫరెన్షియల్ గుండ్లను చేరును. అక్కడినుండి చక్రములకు బలము పోవును. ఇంజను నడచునపుడు బలము ముందునుండి వెనుకకు, లోపలినుండి చక్రమునకు ప్రవహించును. బండిని బయటినుండి లాగునపుడు ప్రవాహము తలక్రిందులగును. నేలపై దొర్లు చక్రము షాఫ్టును త్రిప్పును, షాఫ్టు పెట్టెలోని పండ్లను త్రిప్పును. ఇంజను నిద్రపోవుచుండగా గేరుపెట్టె మేలుకొని పరుగెత్తుచుండును.

అందువలన వచ్చు నష్టమేమని యడుగవచ్చును. నష్టము కందెనది. ఆముదమును, కాల్చిన గడ్డి మసియు కలిపి ఇరుసునకు పూసిన కాలమున కందెన లేనిచో బండి కీచుమని అఱచి తన కష్టము చెప్పుకొనెడిది. పెట్టెలోని పండ్లు అఱవవు. పెక్కు గేరుపెట్టెలలో నూనె అడుగున నిలిచియుండును. ఇంజను త్రిప్పు క్రింది పండ్లు మునిగి తిరుగుచు ఆ నూనెను పైకి చిమ్మును. కొన్నిటిలో చిన్న పంపు ఆ పని చేయును. ఇంజను నిలిచియుండగా బయటినుండి లాగినచో వెనుక షాఫ్టు తిరుగును గాని నూనె చిమ్మవలసిన పండ్లు కదలవు, పంపును కదలదు. పైనున్న బేరింగులు పొడిగా తిరుగును. రెండు మూడు కిలోమీటర్లలో ఏమియు తెలియదు. దూరము పెరిగిన కొలది లోపల ఇనుము నీలి వన్నెకు తిరుగును. ఇంజనులో ఏదో చిన్న మరమ్మతు కొఱకు బయలుదేరిన బండి గేరుపెట్టెయే పోగొట్టుకొని దుకాణము చేరును. చెడిన పంపు వందల రూపాయలలో తీరునది, చెడిన పెట్టె వేలలో తీరదు.

కాడి విప్పుటకు మూడు విధములు కలవు.

మొదటిది మీట. పాత విల్లీస్ జీపులో గేరు మీట ప్రక్కన రెండు చిన్న మీటలుండును. ఒకటి ముందు చక్రములను కలుపుటకును విడదీయుటకును, రెండవది వేగ బలముల నిర్ణయమునకును. ఈ రెండవ దానికి నడుమ న్యూట్రల్ స్థానమున్నది. జిప్సీ, థార్లలో ఒకే మీటయందు రెండు చక్రముల నడక, నాలుగు చక్రముల నడక, న్యూట్రల్, నాలుగు చక్రముల నిదాన నడక అని వరుసగా స్థానములుండును. లాగునపుడు ఆ ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో నుండవలెను. గేరు మీట ఒక్కదానిని న్యూట్రల్ చేసి తృప్తిపడుట సామాన్యముగా జరుగు పొరపాటు. ఇల్లు రెండు వాకిళ్లది, తాళము ఒక దానికే వేసినట్లు.

ఇచట ఒక చిత్రమున్నది. అమెరికాలో ఇండ్లవంటి పెద్ద మోటారు బండ్లపై దేశము తిరుగువారు తమ వెనుక జీపు రాంగ్లరును నాలుగు చక్రములు నేలపై నుండగనే వందల మైళ్లు లాగుకొని పోవుదురు. మన జిల్లాలనుండి పోయి అచట స్థిరపడిన తెలుగు కుటుంబముల వారును ఈ దృశ్యమును ఎఱుగుదురు. ఆ బండికి చెప్పబడిన విధి యేమనగా, ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్ చేసి, గేరుపెట్టెను మాత్రము న్యూట్రల్‌లో ఉంచక గేరులో వేయవలెను. తానే గేరు మార్చుకొను బండియైనచో పార్కు స్థానమున ఉంచవలెను. వినుటకు విపరీతముగా తోచును. ఆలోచించిన యెడల సబబు తెలియును. ట్రాన్స్‌ఫర్ కేసు కడ సంబంధము తెగినది గనుక గేరుపెట్టె కదలనక్కఱలేదు. గేరులో వేసినచో దానిలోని షాఫ్టు బిగిసి నిలిచి, పొడిగా తిరుగు ప్రమాదము తప్పును. అయినను రాంగ్లరునకు చెప్పినది ప్రతి జీపునకును చెల్లదు. ఏ బండికి ఏది తగునో దానితో వచ్చు పుస్తకమున వ్రాసియే యుండును. ఆ పుస్తకము ఆసనము ముందటి అఱలో ప్లాస్టిక్ సంచి విప్పకయే పడియుండుట వేఱు మాట. గ్రంథాలయమున పురాణముల ప్రక్కన అట్టి పుస్తకములకును ఒక అఱ ఉండుట అపచారము కానేరదు. అశ్వశాస్త్రము వ్రాసిన పూర్వులు వాహనమును గూర్చి చదువుట తక్కువ పనిగా నెంచలేదు.

రెండవ విధము చక్రము కడనే విడదీయుట. కొన్ని జీపులకు ముందు చక్రముల నడుమ చేతితో త్రిప్పు బిళ్లలుండును. వానిని ఫ్రీవీల్ హబ్బు లందురు. వానిని విడి స్థానమునకు త్రిప్పినచో ముందు చక్రములు ఎడ్లబండి చక్రములవలె స్వేచ్ఛగా తిరుగును. వెనుక చక్రములకు ఈ సదుపాయముండదు గనుక ఇది సగము పని మాత్రమే.

మూడవది ప్రొపెల్లర్ షాఫ్టును విప్పివేయుట. దూరము ఎక్కువైనను, ట్రాన్స్‌ఫర్ కేసే చెడినను, మీట ఎచట నున్నదో నమ్మకము లేకున్నను ఇదియే నిశ్చయమైన మార్గము. నాలుగు బోల్టుల పని. విప్పుటకు ముందు షాఫ్టు బిళ్లపైనను దాని జోడు బిళ్లపైనను సుద్దతోనో రంగుతోనో ఒకే గీత గీయవలెను. మరల బిగించునపుడు ఆ గీతలు కలియవలెను. లేనిచో వేగమున బండి వణకును. విప్పిన షాఫ్టును వ్రేలాడనీయక పూర్తిగా తీసి బండిలో వేసికొనుట మేలు. వ్రేలాడు కొన నేలకు గ్రుచ్చుకొన్నచో బండిని గడవలె పైకెత్తును.

ఈ మూడు విధములలో దేనిని చేయుటకైనను ముందు చక్రముల క్రింద రాళ్లు పెట్టవలెను. ఇది చిన్న మాటవలె తోచును. కాని ప్రాణము పోవు స్థలము ఇదియే. పాత విల్లీస్ జీపునకు చేతిబ్రేకు చక్రములయందు లేదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, షాఫ్టు మొదటనే యున్నది. చేతిబ్రేకు గట్టిగా లాగి, బండి నిలిచినదని నమ్మి, క్రింద పరుండి వెనుక షాఫ్టు విప్పినచో కడపటి బోల్టుతోపాటు బ్రేకునకును చక్రమునకును గల సంబంధము ఊడిపోవును. కొంచెము వాలు చాలును. క్రొత్త బండ్లలో చేతిబ్రేకు చక్రములకే యుండును గాని, ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్ చేసిన క్షణమున గేరులో నున్నదను ధైర్యము, పార్కులో నున్నదను ధైర్యము రెండును వట్టివే. గట్టి రాళ్లు నాలుగు, చక్రములకు ముందును వెనుకను ఆనించి పెట్టిన పిదపనే మనుష్యుడు క్రిందికి వంగవలెను. ఇటుక పెళ్ల నమ్మదగినది కాదు, నలిగిపోవును.

పట్టణమునుండి క్రేను బండి వచ్చినపుడు మఱియొక చిక్కు కలుగును. క్రేనువాడు అలవాటు చొప్పున ముందు చక్రములను ఎత్తి, వెనుక చక్రములపై ఈడ్చుకొని పోవును. ముందు చక్రములతో నడచు చిన్న కార్లకు అది తగినదే. జీపునందు వెనుక షాఫ్టు తిరుగును. మీట నాలుగు చక్రముల స్థానమున చిక్కుకొని యున్నచో నేలపై దొర్లు వెనుక చక్రములు గాలిలో నున్న ముందు చక్రములను త్రిప్పబూనును. అవి క్రేనునకు గొలుసులతో కట్టబడియున్నవి. ఒకటి త్రిప్పుదునని, ఒకటి తిరుగనని పంతము పట్టగా తెగవలసినది పెట్టెలోని పండ్లో, గొలుసో, లేక షాఫ్టో. ఎల్లప్పుడును నాలుగు చక్రములు నడచునట్టి బండ్లును ఇపుడు తక్కువ కాదు. వానిలో విడదీయు మీటయే లేనివి పెక్కు. అట్టి దానిని రెండు చక్రములెత్తి ఈడ్వరాదు, మోకు కట్టియు లాగరాదు. నాలుగు చక్రములును నేల విడిచి చదునైన వేదిక గల లారీపై ఎక్కించుటయే గతి. కూలి ఎక్కువని సణుగుకొను యజమానికి క్రొత్త పెట్టె ధర చెప్పిన చాలును.

ఇక మోకు సంగతి. మంచి తారుబాటపై చదునైన చోట బండిని నిదానముగా దొర్లించుటకు దాని బరువులో నూటికి రెండు పాళ్ల బలము సామాన్యముగా చాలును. 1500 కిలోల జీపునకు అది 30 కిలోల మాట. ఇద్దరు మనుష్యులు త్రోయగలుగుట అందువలననే. అయినచో లావైన మోకులు ఏల తెగుచున్నవి? మోకును తెంపునది బరువు కాదు, కుదుపు. వదులుగా నేలపై పడియున్న మోకును ముందు బండి ఒక్క ఊపున లాగినచో ఆ క్షణమాత్రపు బలము నిదానపు బలమునకు ఎన్నో రెట్లగును. కపిల తోలిన వారికి ఈ సంగతి పుస్తకము లేకయే తెలియును. ఎడ్లను దించునపుడు మొదట మోకు బిగియనిచ్చి, తరువాత బరువు మోపుదురు గాని తటాలున తోలరు. బండి కడను అదియే పద్ధతి. ముందు బండి అంగుళము అంగుళముగా కదలి మోకును బిగింపవలెను. బిగిసిన పిదప బరువు అందుకొనవలెను.

నైలాను మోకు కొంత సాగును గనుక కుదుపు మ్రింగును. ఇనుప తీగెయు గొలుసును సాగవు. కుదుపంతయు కొక్కెములకును చట్రమునకును పోవును. కాని సాగిన మోకులో బలము దాగియుండును. అది తెగినపుడు, లేక కట్టిన కొక్కెము ఊడినపుడు, ఒడిసెల రాయివలె ఎగిరి వచ్చును. అందుచేత మోకు నడుమ తడిపిన గోనెసంచి యొకటి మడిచి వేయుట మంచిది. తెగినను ఆ బరువు దానిని క్రిందికి అణచును. చూడవచ్చిన జనము మోకు పొడవునకు మించిన దూరమున, ప్రక్కగా నిలువవలెను. పదిమంది చేరిన చోట పదునొకండు సలహాలు పుట్టుట సహజము. అవి దూరమునుండియు వినబడును.

కట్టు చోటు చట్రమునకు బిగించిన లాగుడు కొక్కెమే కావలెను. బంపరు రేకునకు గాని, ముందు చక్రములను త్రిప్పు సన్నని కడ్డీలకు గాని, స్ప్రింగు పట్టీలకు గాని కట్టరాదు. ముడి వేయుటకంటె మర గల షాకిల్ కొండి తొడుగుట మేలు; బిగిసిన ముడిని విప్పుటకు చివరకు కొడవలియే శరణ్యమగును. మోకు కంటె రెండు కొనల కొక్కెములు గల దృఢమైన ఇనుప దూలము మేలు. ఏలయన, మోకు లాగగలదు గాని ఆపలేదు. ముందు బండి నిలిచినపుడు వెనుక బండిని నిలుపునది వెనుకనున్న వాని కాలు తప్ప వేఱేమియు లేదు. దూలము లాగుటయు, నిలుపుటయు రెండును చేయును.

పల్లెలలో ముందు బండి తఱచుగా ట్రాక్టరే. బలమునకు కొదువ లేదు గాని రెండు మాటలు మఱవరాదు. మోకును వెనుక క్రిందనున్న లాగుడు పట్టెకే కట్టవలెను. నాగలి తగిలించు పై చేతికో, ఆసనము వెనుక చట్రమునకో ఎత్తుగా కట్టినచో బరువు పడినపుడు ట్రాక్టరు ముందు చక్రములు పైకి లేచి, నడుపువానిపై వెనుకకు తిరుగబడును. రెప్పపాటులో జరుగు పని యిది. దుముకుటకు వ్యవధి యుండదు. రెండవది, ట్రాక్టరునకు ఎడమ చక్రమునకొకటి, కుడి చక్రమునకొకటి బ్రేకు తొక్కుడులుండును. పొలములో మలుపు త్రిప్పుటకు అవి విడివిడిగా నుండును. రహదారి ఎక్కిన తోడనే ఆ రెంటిని కలిపి కొక్కెము వేయవలెను.

వెనుక బండిలో ఎవరు కూర్చుండవలెను? సామాన్యముగా ఆ స్థలము పనిలేని కుఱ్ఱవానికి దక్కును. ముందు బండిని అనుభవము గలవాడు నడుపును. ఇది తలక్రిందులైన న్యాయము. మోకు బిగిసియుండునట్లు చూచుట, ముందు వాడు నిదానించుటకు ముందే తాను నిదానించుట, పల్లము వచ్చినపుడు రెండు బండ్లకును బ్రేకు తానే యగుట, ఇవన్నియు వెనుకవాని పనులు. పైగా అతని చేతిలోని బండి సహజమైన బండి కాదు. ఇంజను నిలిచినది గనుక బ్రేకునకు తోడుపడు గాలి బలము రెండు మూడు తొక్కులతో తీరిపోవును. తరువాత తొక్కుడు రాయివలె నుండును, రెండింతలు బలముగా తొక్కవలెను. పవర్ స్టీరింగు గల బండియైనచో చక్రము త్రిప్పుటకు భుజబలము కావలెను. తాళపుచెవి తీసివేసినచో స్టీరింగు బిగిసిపోవును; చెవిని తాళము విడు స్థానమున ఉంచియే బయలుదేరవలెను. కర్ణుని రథమునకు శల్యుడు సారథ్యము చేసినట్లు ముందొక మనసు, వెనుకొక మనసు అయినచో పని చెడును. హారను ఒకసారి యనగా నిదానము, రెండుసార్లనగా నిలుపుము అని, చేతి సైగలతో సహా, కదలకముందే మాటాడుకొనవలెను. వెనుక బండిలో నడుపువాడు తప్ప మఱెవ్వరు నుండరాదు.

1989 నాటి రోడ్డు నియమములు ఈ విషయమున చక్కని కొలతలు చెప్పినవి. లాగబడు బండి యందు లైసెన్సు గల మనుష్యుడు ఆసనమున నుండవలెను, లేదా దాని స్టీరింగు చక్రములు నేలనుండి గట్టిగా ఎత్తబడి యుండవలెను. రెండు బండ్ల నడుమ ఎడము 5 మీటర్లు మించరాదు. మోకు ఇతరులకు స్పష్టముగా కనబడవలెను. వెనుక బండి వీపున తెల్లని బల్లపై 75 మిల్లీమీటర్లకు తగ్గని నల్లని అక్షరములతో "లాగబడుచున్నది" అను అర్థము గల ఆంగ్ల పదములు వ్రాయవలెను. వేగము గంటకు 24 కిలోమీటర్లు దాటరాదు. 2017లో వాని స్థానమున క్రొత్త నిబంధనలు వచ్చినవి. అయినను ఈ కొలతలలోని లెక్క చూచిన వానికి అవి ఏల పెట్టబడినవో తెలియును.

గంటకు 24 కిలోమీటర్లనగా క్షణమునకు, అనగా ఒక్క సెకండునకు, దాదాపు 6 మీటర్ల 67 సెంటీమీటర్లు. నడుమ ఎడము 5 మీటర్లు. ముందు బండి తటాలున నిలిచినచో వెనుకవాడు చూచి, గ్రహించి, కాలు కదపుటకు ఇంచుమించు ఒక సెకండు పట్టును. అంతలో అతని బండి 5 మీటర్లు దాటి 6 మీటర్లు పోయినది. కాబట్టి ఆ వేగమున కూడ, ముందువాడు హఠాత్తుగా నిలుపడను నమ్మకము పైననే అంతయు ఆధారపడియున్నది. 48 కిలోమీటర్ల వేగమున పోయినచో ఆ సెకండులో 13 మీటర్లు గడచును. తాకిడి బలము రెండింతలు కాదు, నాలుగింతలగును. "త్వరగా పోయినచో త్వరగా తీఱును" అను వారికి ఈ లెక్క చూపవలసినది. ఏది త్వరగా తీఱునో వారే నిర్ణయించుకొందురు.

చదును నేల మాట యిది. ఈ ప్రాంతపు నేల చదునైనది కాదు. పలమనేరు త్రోవలో మొగిలి కనుమ, తిరుపతినుండి మదనపల్లెకు పోవు త్రోవలో భాకరాపేట కనుమ, తిరుమలకు 1944లో తెఱచిన మొదటి దారియు, 1974 నాటి రెండవ దారియు అందఱు నెఱిగినవే. 2022 మార్చిలో భాకరాపేట కడ పెండ్లి నిశ్చయమునకు పోవుచున్న వారి బస్సు లోయలో పడినది. 2024 సెప్టెంబరులో మొగిలి కనుమలో బస్సును లారీయు ఢీకొన్నవి. ప్రాణములు పోయినవి. అవి నిండుగా పనిచేయు ఇంజనులతో నడచుచున్న బండ్లు. ఇరవై అడుగులకు ఒక అడుగు పల్లమున్నచో 1500 కిలోల జీపు 75 కిలోల బలముతో తానే క్రిందికి ఒఱగును. పదింటికొకటి యైనచో 150 కిలోలు. చదునున లాగుటకు 30 కిలోలు చాలిన బండి యిది. అనగా కనుమ దిగునపుడు వెనుక బండిని లాగనక్కఱలేదు, ఆపవలెను; ఆపుటకు మోకు పనికిరాదు. తోడు లేని బ్రేకు మలుపు మలుపునకు వేడెక్కి జారిపోవును. కనుమలో మోకు కట్టి బండిని లాగరాదు, ఎక్కుటకును, దిగుటకును. చెడినచోటనే, మలుపునకు దూరముగా, రాళ్లు ఆనించి, వెనుక కొంత దూరమున హెచ్చరిక త్రికోణము నిలిపి, లారీ వచ్చు వఱకు వేచియుండవలెను. రాత్రియైనను సరియే. ఆ రాళ్లను బండి కదలిన పిదప దారి నడుమ విడిచిపోవు అలవాటు మాత్రము మానదగినది. వెనుకవచ్చు మోటారు సైకిలువాడు ఏ పాపమును ఎఱుగడు.

ఏటి యిసుకలో క్రుంగిన జీపును లాగుట మఱియొక విధము. బాహుదా, స్వర్ణముఖి వంటి ఏళ్లలో నీరున్న దినములకంటె లేని దినములే ఎక్కువ గనుక జనులు ఇసుకలోనికి బండి దించుచుందురు. కర్ణుని రథచక్రము క్రుంగినపుడు అతడు దిగి చేతులతో ఎత్తబోయెను. అంతటి బలశాలికే సాధ్యము కాలేదు. చక్రము క్రుంగినపుడు బలము తరువాతి మాట; ముందు చక్రము ఎదుట ఇసుకను వాలుగా త్రవ్వి దారి చేయవలెను. టైర్లలో గాలి కొంత తగ్గించినచో అవి వెడల్పై ఇసుకపై తేలును. ఇంజను నడచుచున్నచో నాలుగు చక్రముల నిదాన నడకలో వేసి, ముందు బండి మోకును నెమ్మదిగా బిగించి లాగుచుండగా జీపును తనకు తాను పైకి ప్రాకవలెను. ఇచట కాడి విప్పుట కాదు, కట్టియుంచుటయే విధి. గట్టి నేల చేరిన పిదప గాలి నింపుకొనక తారుబాటపై వేగముగా పోరాదు.

చదును బాటపై లాగుచున్నపుడు రెండు మూడు కిలోమీటర్లకొకసారి నిలిచి, రాళ్లు ఆనించి, చక్రముల నడిమి గుండ్లను, ట్రాన్స్‌ఫర్ కేసును చేతి వెనుక ప్రక్కతో తాకి చూడవలెను. గోరువెచ్చగా నున్నచో సాగవచ్చును. చేయి నిలువనంత వేడియైనచో కాడి ఎక్కడనో విప్పబడలేదని అర్థము. అక్కడనే ఆపి షాఫ్టులు విప్పవలెను, లేదా లారీని పిలువవలెను. దుకాణము చేరిన పిదపను మోకు విప్పుటకు ముందు రాళ్లే. షాఫ్టును సుద్ద గీతలు కలియునట్లు బిగించి, ట్రాన్స్‌ఫర్ కేసు మీటను మరల రెండు చక్రముల నడకకు తెచ్చి, పెట్టెల నూనె మట్టము చూచి, నూనె నలుపెక్కినచో మార్చి, అపుడు ఇంజనును చెడగొట్టిన అసలు రోగమేదో చూడ మొదలుపెట్టవలెను.